మా ఊరిది

గ్రిమ్స్‌బీలో మంగళవారం ఏడింటికి
నావికుల మిషన్ హాల్లో హీటరు దగ్గడం మొదలెడుతుంది.
కుర్చీలు గోడకి నెట్టి, బూట్లు విప్పి,
నిమ్మచెక్కతో రుద్దినా చేపవాసన పోని చేతుల్తో
నడుముకి నాణేల గుడ్డ కట్టుకుంటాం.

మొదటివారం నేను కట్టుకున్నది కోటు మీద.
ఇన్‌షిరా నవ్వలేదు.
"కోటు కూడా ఆడుతుందిలే" అంది.

రోజుకి తొమ్మిది గంటలు కాడ్ చేపల్ని చీరే బల్ల ముందు
నడుమంటే నొప్పికి ఇంకో పేరు మాకు.
ఇక్కడ దాన్ని ముక్కలుగా పిలవాలి,
కుడి తుంటి, ఎడమ తుంటి, పక్కటెముకల కింది మెత్తన,
బడివేళకి పిల్లల్ని ఒక్కొక్కర్నీ లేపినట్టు.
పాదం కదపకుండా తుంటితో ఎనిమిది రాయమంటుంది.
నాది మూడు దగ్గర ఆగిపోతుంది.
బొజేనాది రొట్టెపిండిలా తిరుగుతుంది.
థెల్మాకి డెబ్బైయొకటి, కుడితుంటి ఉక్కుది,
అదే బాగా ఆడుతుంది.
"వారంటీ ఉంది మరి" అంటుంది.

టీలో బిస్కెట్టు ముంచి, అది తెగి పడేలోపు,
ఇన్‌షిరా చెబుతుంది:
ఒకప్పుడు కైరోలో పాషాగారు
ఆడేవాళ్లని ఊళ్లో ఉండొద్దన్నాడట.
నైలు మీద ఎదురేగి ఎస్నాకి, ఇంకా పైకి.
ఊరు శుభ్రమైంది, పన్నుల ఖాతా చిక్కింది.
పడవలో కాలు చాపే చోటు లేక
నడుములతోనే ఆడారని వాళ్ల అమ్మమ్మ మాట.
అబద్ధమేమో.
అమ్మమ్మలు అబద్ధం చెప్పేటప్పుడే
చేతులు అంత అందంగా తిప్పుతారు.

తర్వాత సముద్రం దాటించి చికాగో సంతలో
టిక్కెట్టు పెట్టి చూపించారు.
పొట్ట డాన్సన్నారు.
చూసినవాళ్లు పెట్టిన పేరది.
ఆడినవాళ్లది వేరే: బలదీ.
అంటే?
"మా ఊరిది" అంది, కప్పు కింద పెట్టి.
"రొట్టెకీ అదే మాట."

గుళ్లో పుట్టిందంటుంది ఒకామె,
పురిటిగదిలో అంటుంది ఇంకొకామె.
ఇన్‌షిరా భుజాలెగరేస్తుంది.
ఎగిరిన భుజాలు దిగకుండా వణకడం మొదలెడతాయి,
అదే ఆ పూట పాఠం.
తళుకుల రవికంటారా,
అది క్యాబరేల్లో కుట్టింది,
నాకన్నా నలభై ఏళ్లే పెద్దది.

పొట్ట గురించి నాకెవరూ వేరే ఏమీ నేర్పలేదు.
లోపలికి పీల్చుకో అన్నారు, పీల్చుకున్నాను.
యాభైయెనిమిదేళ్ల ఊపిరి అక్కడే ఇరుక్కుంది.
దానిమీద రెండు కోతల గీతలు.
ఒకటి బతికింది.
రెండోదాని సంగతి ఎవరికీ చెప్పలేదు,
కడుపులోనే పెట్టుకున్నాను.
మొన్న దీపాలు తగ్గించి నెమ్మది పాట పెట్టినప్పుడు,
వేణువో ఏదో, ఈల వేయలేక వేసినట్టుండేది,
"వదిలేయ్" అంది నా వెనక నిలబడి.
వదిలేశాను.
బొజ్జ బయటికొచ్చి నిలబడింది,
చాలాకాలం తర్వాత రేవుకొచ్చిన పడవలాగ,
కొంచెం ఊగుతూ.
అద్దం లేదు హాల్లో.
గోడమీద మునిగిపోయిన ఓడల పేర్లున్నాయి,
అవే చూశాయి.

జనవరిలో ఒక మంగళవారం ఆమె రాలేదు.
మంచులో బస్సు ఆగిపోయింది.
పాటల పెట్టె ఆమె దగ్గరే.
ఇళ్లకి పోదామన్నారు, ఎవరూ పోలేదు.
థెల్మా బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి బోర్లించింది.
దుమ్ తెక్ తెక్, దుమ్ తెక్.
మొదట సిగ్గుగా.
తర్వాత కిటికీలు చెమర్చేలా.
మాది కాదిది, తెలుసు,
ఆ నది మేం చూడలేదు, ఆ పడవలెక్కలేదు,
పేరు కూడా సరిగా పలకలేం.
అయినా నా మూడు, ఆ రాత్రి,
ఐదు దాటి ఆరు మలుపు దగ్గరికి పోయింది.

తలుపు ఎప్పుడు తెరుచుకుందో.
భుజాలనిండా మంచుతో ఇన్‌షిరా,
చెయ్యి ఇంకా గొళ్లెం మీదే.
ఎంతసేపట్నుంచి నిలబడిందో అడగలేదు.

"తాళం తప్పు" అంది.
డబ్బా ఆగింది.

"ఆపమన్నానా?"